గే అని కొడితే అదీ మామూలు కొట్లాటేనా? వేరే చట్టం కావాలా?

ఓఎంఆర్ నెల్లూరోడు:
నా రూమ్మేట్ గే. నాకు తెలుసు, వాళ్లింట్లో తెలీదు. పోయిన నెల డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడు చెన్నైలోనే షోలింగనల్లూరు వైపు రమ్మన్నాడు. పోతే అక్కడ నలుగురున్నారు. కొట్టి, ఫోన్ లాక్కుని, అకౌంట్లో ఉన్నదంతా పంపించుకున్నారు. నోరెత్తితే వీడియో మీ నాన్నకి పోద్దన్నారు. ముంజేతి ఎముక విరిగింది. స్టేషన్లో అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి పదకొండింటికి నీకక్కడేం పని?" ఫోన్ పోయిందని మాత్రం రాసిచ్చి వచ్చేశాడు. ఇలాంటివాటికి ప్రత్యేక చట్టం ఉండాలంటాను. మీరేమంటారు?

పెరంబూరు బాబాయ్:
పిల్లాడికి జరిగింది ఘోరమే. కానీ దెబ్బ ఎవరికి తగిలినా దెబ్బే కదా. బెదిరించి డబ్బు గుంజితే ఏడేళ్లు, దోపిడీకి పదేళ్ల దాకా శిక్ష ఇప్పటికే ఉంది. కొట్టినవాడి మనసులో ఏముందో కోర్టు ఎట్లా తేలుస్తుంది?

లా పాయింటు:
బాబాయ్ గారూ, ఏ ఉద్దేశంతో కొట్టారో చూడటం చట్టానికి కొత్తేం కాదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 103(2), 117(4) సెక్షన్లు చూడండి. కులం, భాష, పుట్టిన చోటు, లింగం, నమ్మకం "లేదా అలాంటి మరే కారణం"తోనైనా గుంపుగా చంపినా, తీవ్రంగా గాయపరిచినా ప్రత్యేక శిక్ష. ఎముక విరిగితే తీవ్ర గాయమే. లైంగికత పేరు అందులో లేదు. 2018లో 377 కేసులో (స్వలింగ సంబంధాన్ని నేరమన్న పాత సెక్షను) సుప్రీంకోర్టు తీర్పు రాజ్యాంగంలోని "లింగం"లోకి లైంగికతా వస్తుందంది కాబట్టి వాదించొచ్చు. కానీ గుంపంటే కనీసం ఐదుగురు. మీవాడిని కొట్టింది నలుగురే! 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం చూద్దామంటే, అది గేలకి వర్తించదు. వర్తించేవాళ్లని హింసించినా 2019లో అందులో పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లే.

పెరంబూరు బాబాయ్:
ఆ ఐదుగురి లెక్క నాకు తెలీదు. సరే. అయినా కేసంటూ పెడితే వాడి పేరు ఊరంతా పాకదా? ఆ భయానికి ఏ సెక్షనుంది?

వేళచ్చేరి అక్క:
అందరూ రోడ్డు మీద కొట్టేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆడపిల్లలకి అంత దూరం పోనక్కర్లేదు, ఇంట్లోనే అయిపోతుంది. ఫోన్ లాక్కుంటారు, గదిలో పెట్టి సంబంధాలు చూస్తారు, పారిపోతే మిస్సింగ్ కేసు. మధురై నుంచి ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిలు చెన్నైకి వచ్చేస్తే ఇళ్లవాళ్లు పెట్టిందీ మిస్సింగ్ కేసులే. 2021లో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకీ ఈ విషయం తెలీదని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ ఉత్తర్వులిచ్చారు: ఇష్టపడి వచ్చిన మేజర్లయితే ఆ కేసు మూసేయాలి, "మార్చేస్తాం" అనే వైద్యాలు ఆపాలి. వీళ్లని వేధించకూడదని 2022లో తమిళనాడు పోలీసుల ప్రవర్తనా నియమాల్లోనే చేర్చారు.

మా చెల్లెలి విషయంలో ఆ తీర్పు ప్రింటు తీసి పట్టుకెళ్లాం. ఎస్సై చదివి, కుర్చీ వేయించాడు. అదే అమ్మని జైల్లో పెట్టించే చట్టమైతే, మా చెల్లెలు స్టేషన్ గడప తొక్కేదే కాదు. ప్రత్యేక చట్టం వద్దనను. ఇల్లు కూడా లెక్కలో పెట్టుకుని రాయండంటాను.

ఓఎంఆర్ నెల్లూరోడు:
అక్కా, ఆ ప్రింటు నాకూ పంపండి. వాడికివన్నీ చదివి వినిపించా. "నలుగురే" అన్నచోట నవ్వాడు. కట్టు విప్పాక ఫిర్యాదు మళ్లీ రాసిస్తానంటున్నాడు. ఆదివారం వాళ్ల నాన్నొస్తున్నాడు. బైక్ మీంచి పడ్డానని చెప్పి ఉన్నాడు, నన్నూ అదే చెప్పమన్నాడు.