అంతరిక్షంలో వస్తువు విసిరి ఇస్తే తప్పు కాదా?

ప్రశ్న:
నిన్న రాత్రి మా పాపా నేనూ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో భోజనాల వీడియో చూశాం. ఒకాయన చెంచాను వేలితో మెల్లగా నెట్టారు. అది తిన్నగా తేలుకుంటూ వెళ్లి ఎదుటావిడ చేతికందింది. "విసిరి ఇవ్వకూడదని నాకు చెప్తావు కదమ్మా, మరి వాళ్లో?" అంది. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదా" అనేశాను. సరిగ్గానే చెప్పానా? పాపకి తొమ్మిదేళ్లు.

జవాబు 1:
ఆ జవాబు ఇప్పుడే సరిచేయండి. నేను ఫిజిక్స్ చెప్తాను, పదో తరగతికి వచ్చినా పిల్లల్ని ఆ మాట వదలదు. కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ కూడా గురుత్వాకర్షణ నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం, మనుషులు, చెంచా అన్నీ కలిసి పడుతూనే ఉంటాయి. గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతుంటాయి కాబట్టి ఎంత పడ్డా నేల తగలదు, భూమి చుట్టూ తిరుగుతాయి. చెంచాతోపాటు బల్ల కూడా పడుతుంటే చెంచా బల్లమీదకి ఎలా పడుతుంది?

పాపకి ఇది చూపించండి. ప్లాస్టిక్ సీసాకి అడుగు దగ్గర చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకోండి. ధార కడుతుంది. ఎత్తునుంచి సీసా వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార రాదు.

జవాబు 2:
మర్యాద సంగతి నేను చెప్తాను. జపాన్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో, భోజనం దగ్గర తోటి ఉద్యోగి చాప్‌స్టిక్స్‌తో నాకో ముక్క వడ్డించబోయాడు. నేను నా చాప్‌స్టిక్స్ చాపి అందుకోబోయాను. ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్లింది. తర్వాత ముక్కని నా ప్లేటులో పెట్టి, నెమ్మదిగా కారణం చెప్పాడు. అక్కడ దహనం అయ్యాక బంధువులు అస్థికల్ని చాప్‌స్టిక్స్‌తో ఒకరి నుంచి ఒకరు అందుకుంటారట. ఆ రోజంతా మనసు పిండేసినట్టయింది. కొరియాలో అయితే పెద్దవాళ్లకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి.

కక్ష్యలో మర్యాదలు వేరు, అక్కడ పొడి రాలనివ్వకూడదు. 1965లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని 3లో వ్యోమగామి జాన్ యంగ్ చెప్పకుండా తీసుకెళ్లిన సాండ్‌విచ్ తీస్తే ముక్కలు రాలి తేలాయి. వెంటనే దాచేయాల్సి వచ్చింది. పొడి రాలకుండా ఇప్పుడు బ్రెడ్ బదులు టోర్టిల్లాలు (మన చపాతీల్లాంటి మెక్సికో రొట్టెలు) వాడతారు.

జవాబు 3:
అక్కడ త్రేన్పు కూడా ఇబ్బందే. కడుపులో గాలి పైకి, తిన్నది కిందికి విడిపోవు. త్రేన్చితే రెండూ కలిసి వస్తాయి.

అడిగినావిడ:
సీసా ప్రయోగం ఇవాళ మెట్లమీద నుంచి చేశాం. రెండుసార్లు కంటికి ఆనలేదు. మూడోసారి ఫోన్లో స్లో మోషన్ పెట్టాను. సీసా చెయ్యి వదలగానే ధార తెగిపోయింది! పాప ఆ వీడియో పదిసార్లు చూసి, "అయితే నేను గెంతినప్పుడు కూడా తేలుతున్నట్టేనా?" అంది. ఏం చెప్పను?

జవాబు 1:
అవుననే చెప్పండి. కాళ్లు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ తాకేదాకా.