స్విఫ్ట్ పెట్రోల్: ఆయిల్ ఫిల్టర్ ఎంత గట్టిగ బిగించాలె?

హన్మకొండ_స్విఫ్ట్:
అన్నలకు నమస్తే. బండి స్విఫ్ట్ పెట్రోల్, 1.2 కె-సిరీస్ ఇంజిన్. ఇంటి దగ్గరనే ఆయిల్ మార్చుదామని ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్ తెచ్చి పెట్టుకున్న. ఆయిల్ దించుడు, పోసుడు అర్థమైంది. ఫిల్టర్ దగ్గరనే డౌటు. చేత్తోని బిగిస్తే చాలని ఒకలంటున్నరు. పానా పెట్టి గట్టిగ పట్టియ్యకుంటే కారుతదని ఇంకొకలంటున్నరు. ఎంత తిప్పితే సరిపోయినట్టు? బిగించే ముందు ఫిల్టర్ల కొత్త ఆయిల్ నింపాల్నా?

పానా_పట్టినోడు:
తమ్మీ, ఇద్దరు చెప్పింది సగం సగమే. సుజుకి మాన్యువల్ల కె-సిరీస్‌కు ఉన్న లెక్క: ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్ సీటుకు ఆనిన కాడికెల్లి ముప్పావు చుట్టు. టార్క్‌ల చెప్తే 14 న్యూటన్ మీటర్లు. జానెడు పానా చివరల ఆరేడు కిలోల బరువు పెట్టినంత, గంతే.

లెక్క ఎక్కడ మొదలు పెడుతున్నవన్నదే అసలు సంగతి. చూడీ (మర) ఎక్కినప్పటి నుంచి కాదు. ఫిల్టర్‌ను వేళ్లతోని తిప్పుకుంట పో, మొదలు అల్కగ తిరుగుతది. ఒక దగ్గర రింగు సీటుకు ఆని చేతికి సన్నగ పట్టినట్టు తెలుస్తది. అక్కడ ఆపి ఫిల్టర్ మీద ఒక గీత, దానికి ఎదురుంగ ఇంజిన్ మీద ఒక గీత మార్కర్‌తోని గియ్యి. ఫిల్టర్ అడుగు దిక్కు నుంచి చూస్తే ఆ గీత గడియారంల 12 కాడ ఉన్నదనుకుంటే, 9 కాడికి వచ్చేదాకా తిప్పాలె. కొన్ని ఫిల్టర్ల చుట్టూ 1, 2, 3, 4 అంకెలు అచ్చేసి ఉంటయి, ఒక అంకె నుంచి ఇంకో అంకెకు పావు చుట్టు. చేతులు తుడుచుకొని పొడి బట్టతోని పట్టుకుంటే అర చుట్టు దాకా చేత్తోనే వస్తది. మిగిలిన పావుకు కప్పు పానా (ఫిల్టర్ అడుగుకు టోపీ లెక్క పట్టేది) పెట్టు. చైన్ పానా ఇప్పనీకే గని బిగించనీకి కాదు, డబ్బా సొట్ట పడతది.

ఎంత గట్టిగ పట్టిస్తే అంత మంచిదన్నది తప్పు. రబ్బరు కొంచెం నొక్కుకుంటేనే సీలు. మరీ నొక్కితే గాడిల నుంచి పక్కకు పొంగి చిట్లుతది. మీదికెల్లి ఇంజిన్ వేడికి అతుక్కపోయి, వచ్చేసారి ఇప్పేటప్పుడు డబ్బా చిరిగి చేతికొస్తది, మందపాటి ప్లేటు ఇంజిన్‌కే ఉంటది.

బిగింపు కన్నా పెద్ద ముప్పు పాత రింగుతోని. పాత ఫిల్టర్ ఇప్పంగనే తిరగేసి నోటి మీద రింగు ఉన్నదా లేదా చూడు. లేకుంటే అది సీటుకే అంటుకొని ఉన్నట్టు. నల్లది, ఆయిల్ తడిల కంటికి కనపడదు. గోరుతోని సీటు చుట్టూ గీరితే దొరుకుతది. దాని మీదనే కొత్తది బిగిస్తే రెండు రింగులైతయి. చేతికి మంచిగనే పట్టినట్టుంటది, స్టార్ట్ చేయంగనే కారకపోవచ్చు గూడ. పొద్దుగాల చల్లటి ఇంజిన్ల ఆయిల్ చిక్కగ ఉండి ప్రెషర్ ఎక్కువ ఉంటది, అప్పుడు పాత రింగు పక్కకు జారుతది. గాడిల కూర్చున్నది కొత్తది ఒక్కటే, పాతదాన్ని పట్టి ఉంచేది ఏం లేదు. ఇగ చుక్కలు కాదు, ధారే. ఛాంబర్ల (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిల) ఉండే మూడు లీటర్లు బయటికి పోనీకి ఎంతోసేపు పట్టదు.

ఫిల్టర్ ఇప్పకముందే చుట్టూ ఎండిన మట్టి బ్రష్షుతోని దులుపు. మన దిక్కు మొరం రోడ్ల మీద తిరిగే బండ్లకు బురద గడ్డ కట్టి ఉంటది, ఇప్పినంక దులిపితే ఇసుక సీటు మీద పడతది. సీటును పోగులు రాలని బట్టతోని తుడువు. కొత్త రింగుకు వేలితోని కొత్త ఆయిల్ రాయి, గ్రీజు వద్దు. పొడి రింగు సీటును పట్టుకొని మెలి పడతది. సరిగ్గ కూర్చోకముందే చేతికి గట్టిగైనట్టు అనిపించి నువ్వు ఆపేస్తవు, అక్కడే కారుతది.

ఓరుగల్లు_ఆటో:
పైన చెప్పింది సరైనదే. నింపడం గురించి నేను చెప్తాను. ఫిల్టర్ నోరు పైకి ఉండేటట్టు నిలువుగా బిగించే బండి అయితే సగం పైన నింపుకోవచ్చు. అడ్డంగానో వాలుగానో బిగించేదైతే నింపిందంతా మీ మోచేతి మీదికే కారుతుంది, అక్కరలేదు. నింపితే అంచు చుట్టూ ఉండే చిన్న రంధ్రాల నుంచే పోయండి. ఆయిల్ ఇంజిన్ నుంచి ఫిల్టర్‌లోకి వచ్చే దారి అది. మధ్యలో పెద్ద రంధ్రం వడగట్టిన ఆయిల్ బేరింగులకు పోయే దారి. అక్కడ పోస్తే డబ్బా మూతి మీది దుమ్ము కూడా వడపోత లేకుండా నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

మూడు లీటర్లు చిల్లర పడుతుంది, మీ మోడల్ లెక్క ఓనర్ మాన్యువల్‌లో చూడండి. మొదట 2.75 లీటర్లు పోసి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఖాళీ ఫిల్టర్ నిండేదాకా ఎర్ర ఆయిల్ లైటు కొన్ని సెకన్లు ఉంటుంది. పది సెకన్లు దాటినా ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, టార్చి వేసి ఫిల్టర్ అంచు చుట్టూ చూడండి. ఆ లైటు ప్రెషర్ బాగా పడిపోయాకే వెలుగుతుంది, లెవెల్ చెప్పేది కాదు. అది వెలిగేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూసి, కొంచెం కొంచెం పోస్తూ పై గుర్తు దగ్గరికి తేవాలి. బండి గేటు ముందర ర్యాంపు మీద ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది, చదును నేల మీదే చూడండి.

హన్మకొండ_స్విఫ్ట్:
మస్తు క్లియర్ అయింది అన్నా. ఇంకొకటి. షాపుల ఇచ్చింది వేరే కంపెనీ ఫిల్టర్, బండికున్న దాని కన్నా రెండు వేళ్లు పొట్టిగ ఉన్నది. చూడీ ఎక్కుతది, ఏం కాదంటున్నడు షాపాయన. పెట్టొచ్చా?

ఓరుగల్లు_ఆటో:
పొట్టిగా ఉండటం ఒక్కటే అయితే తప్పు కాదు. కానీ చూడీ ఎక్కితే చాలదు. మీ ఇంజిన్ స్టడ్, అంటే ఫిల్టర్ ఎక్కే మరల గొట్టం, 20 మిల్లీమీటర్లు. పిచ్, అంటే చూడీ గాట్ల మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లు. ముప్పావు ఇంచు చూడీ ఫిల్టర్లు కూడా బజార్లో ఉంటాయి, అది 19 మిల్లీమీటర్ల చిల్లర. పిచ్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కంటికి ఒకటే అనిపిస్తాయి. అట్లాంటిది మీ స్టడ్ మీద మొదట్లోనే పట్టేస్తుంది, బలవంతం చేస్తే స్టడ్ చూడీ పోతుంది.

పాతది ఇప్పాక రెండింటి నోళ్లు ఎదురెదురుగా ఆనించి చూడండి, రింగులు ఒకే కొలత ఉండాలి. చిన్న రంధ్రాల లోపల రబ్బరు పొర కనపడుతుందా చూడండి. బండి ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే వాల్వు అదే. అది పనిచేయకపోతే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాసేపు గలగలమంటుంది. లోపలి బైపాస్ వాల్వు (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపేది) ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలో మాత్రం బయట నుంచి చూసి చెప్పలేం. అందుకని ఆ కంపెనీ క్యాటలాగ్‌లో మీ బండి, మీ ఇంజిన్ పేరుకు ఎదురుగా ఇదే పార్టు నంబరు ఉంటేనే పెట్టండి, లేకపోతే మార్చుకోండి.

పానా_పట్టినోడు:
బండిని ఉత్త జాకీ మీద లేపి కిందికి దూరకు తమ్మీ. స్టాండ్లు పెట్టు, వెనక టైర్లకు రాళ్లు పెట్టు. ఇంజిన్‌ను నాలుగైదు నిమిషాలు తిప్పి ఆపితే గోరువెచ్చగైతది, ఆయిల్ మంచిగ దిగుతది. సలసల కాగే ఆయిల్ దించితే చెయ్యి కాలుతది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి 35 న్యూటన్ మీటర్లు పట్టియ్యి.

పాత ఫిల్టర్‌ను రాత్రంత నోరు కిందికి పెట్టి ఒడగట్టు. తీసిన ఆయిల్‌ను చెదలకు పూస్తమని అడిగేటోళ్లు ఉంటరు, ఇయ్యకు. మోరీల గూడ పొయ్యకు, అది చెరువులకే పోతది. క్యానుల పోసి గ్యారేజీల ఇయ్యి, పాత ఆయిల్ కొనేటోళ్లు అక్కడి నుంచి డ్రమ్ములల్ల ఎత్తుకపోతరు.

ఇంజిన్ కింద షాబాద్ బండల మీద ఒక అట్ట పరిచి పెట్టు. తెల్లారి బండి తియ్యకముందు చూస్తే చుక్క పడ్డదా లేదా తెలుస్తది. ఫిల్టర్ చుట్టూ తడి కనపడితే ఇంకా బిగించుకుంట పోకు. ముందుగాల నువ్వు గీసిన గీత ముప్పావు కాడికి వచ్చిందా చూడు. రాకుంటే అంతదాకా తిప్పు. వచ్చినంక గూడ తడి ఉంటే ఇప్పేసి రింగు, సీటు చూడు.