నాయన గొంతు పోతుందేమోనని థైరాయిడ్ ఆపరేషన్ ఆపుకోవాలా?

దామలచెరువు అమ్మాయి:
మా నాయనకు 58 ఏళ్లు. దామలచెరువు మామిడికాయల మండీలో వేలంపాట పాడతాడు. సీజన్ వస్తే తెల్లారినప్పటి నుంచీ ఆ గొంతే మాకు కూడు. దాని కిందే పదేళ్లుగా థైరాయిడ్ గడ్డ పెరుగుతోంది. ఇప్పుడు కుడివైపు గడ్డ ఎదురురొమ్ము ఎముక వెనక్కి దిగి గాలిగొట్టాన్ని పక్కకు నెట్టిందని సీటీ స్కాన్‌లో వచ్చింది. ఎడమవైపు చిన్న బుడిపెలే. సూది పరీక్షలో క్యాన్సర్ కనపడలేదు. ఒక డాక్టరు ఆపరేషన్ చేయించమన్నాడు, గొంతు నరానికి దెబ్బ తగిలే రిస్క్ ఉందని కూడా చెప్పాడు. ఇంకొకాయన క్యాన్సర్ కాదు కదా, చూస్తూ ఉందాం అన్నాడు. నాయన ఆ రెండో మాటే పట్టుకున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

పూతలపట్టు అన్న:
చేయించొద్దమ్మా. మా పెద్దమ్మకు రెండువైపులా మొత్తం తీసేశారు. రెండో రోజుకే మూతి చుట్టూ, వేళ్ల చివర్లా తిమ్మిర్లు. చేతివేళ్లు కొంకర్లు పోయాయి. కాల్షియం పడిపోయిందని నరానికి ఎక్కించారు. మూడేళ్లయినా కాల్షియం మాత్రలు లేందే ఆమెకు గడవడం లేదు. క్యాన్సర్ కాని గడ్డకు ఇంత బాధ ఎందుకు?

పుత్తూరు అక్క:
మీ పెద్దమ్మ పడిన బాధ నిజమే తమ్ముడూ. థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. మొత్తం తీసేటప్పుడు వాటికి రక్తం అందకపోతే కాల్షియం అలా పడిపోతుంది. కానీ ఈ అమ్మాయి నాయనకు పెద్ద గడ్డ ఒకవైపే ఉంది. కుడి సగమే తీస్తే ఎడమవైపు గ్రంథుల జోలికి, ఆ వైపు నరం జోలికి పోరు. మిగిలిన సగం బాగా పనిచేస్తే రోజూ థైరాయిడ్ మాత్ర కూడా అక్కర్లేకపోవచ్చు.

నేను ఆపరేషన్ వైపే మాట్లాడతా. మా అమ్మ నొప్పి లేదు కదా అని ఆరేళ్లు ఆపింది. మొదట రెండు దిండ్లు, తర్వాత మూడు, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. ఒకరోజు చేతులు పైకెత్తి దండెం మీద చీర ఆరేస్తుంటే ముఖమంతా కందిపోయి, ఊపిరాడక కూలబడింది. చేతులెత్తినప్పుడు లోపలి గడ్డ ఇరుక్కుని మెడ రక్తనాళాలను నొక్కేస్తుందట. చివరికి ఆపరేషన్‌లో మెడ దగ్గర కోత చాలక ఎదురురొమ్ము ఎముక కూడా కోయాల్సి వచ్చింది. చూస్తూ ఉండటంలోనూ రిస్క్ ఉంది, దానికి మాత్రం ఎవరూ సంతకం పెట్టించుకోరు.

రేణిగుంట నర్సు:
అమ్మాయీ, నాయన చేసే పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పు. గొంతు బొంగురుపోయే నరం గురించి అందరూ చెబుతారు. దానికి పైన ఇంకో సన్నని నరం ఉంది, గొంతును పైస్థాయికి ఎత్తేది అదే. అది దెబ్బతింటే మామూలుగా మాట్లాడతారు గానీ గొంతెత్తి పాడలేరు. మీ నాయనకు అదే ముఖ్యం.

ఆపరేషన్‌కు ముందు స్వరతంతువులను ఈఎన్‌టీ వాళ్లకు చూపించండి. ఒకవైపు ఇప్పటికే కదలడం లేదంటే లెక్కంతా మారిపోతుంది. ఆపరేషన్ చేసేటప్పుడు గొంతు నరాన్ని కనిపెట్టి ఉండే నరం మానిటర్ వాడతారా, ఇలా లోపలికి దిగిన గడ్డలు ఏడాదికి ఎన్ని తీస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. అలవాటున్న చేతుల్లో గొంతు శాశ్వతంగా దెబ్బతినేది నూటికి ఒకరిద్దరికే. లోపలికి దిగిన గడ్డకు రిస్క్ కాస్త ఎక్కువ. కొన్ని వారాలు బొంగురుగా ఉండి సర్దుకునేవాళ్లే ఎక్కువమంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఈ గ్రంథుల ఆపరేషన్లకే వేరే విభాగం ఉంది, చిత్తూరు నుంచి గంట ప్రయాణం.

పూతలపట్టు అన్న:
సగమే తీయొచ్చని మాకెవరూ చెప్పలేదక్కా. అయినా ఆ నూటికి ఒకరు మనమే అయితే? గొంతుతో బతికే మనిషి ఆయన. నాకింకా భయంగానే ఉంది.

దామలచెరువు అమ్మాయి:
ఇవన్నీ నాయనకు చదివి వినిపించా. చేతులు పైకెత్తి చూడు నాయనా అన్నా. నిమిషం కూడా నిలపలేదు, ముఖం ఎర్రబడి దించేశాడు. అప్పుడు అమ్మ నోరు విప్పింది: నెల నుంచీ మూడు దిండ్లు వేసుకుంటున్నాడంట, నాకు చెప్పొద్దన్నాడంట.

తోతాపురి కాయలు అయిపోయేదాకా ఆగుదామంటాడు. ఆగొచ్చో లేదో డాక్టరే చెప్పాలి, మనం కాదు అన్నా. సోమవారం వేలూరు పోతున్నాం. నర్సు అక్క చెప్పిన ప్రశ్నలు స్కాన్ కవరు వెనక రాసి పెట్టుకున్నా.