స్క్రిప్టులో డీబగ్ లాగ్ (ప్రోగ్రాం తన ప్రతి అడుగునూ రాసుకునే చిట్టా) ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలా, తప్పు జరిగినప్పుడు రాస్తే చాలా?

కాటాచీటీ (చిత్తూరు):
చిత్తూరు దగ్గర ఒక మామిడి జ్యూస్ ఫ్యాక్టరీకి కంప్యూటర్ పని చూస్తుంటాను. వేబ్రిడ్జి మీద ట్రాక్టరు తూకం అయ్యాక చీటీ వస్తుంది, అదే లెక్క ఒక ఫైల్లో పడుతుంది. రాత్రి 12.30కి క్రాన్‌లో (చెప్పిన వేళకు పని దానంతటదే మొదలుపెట్టేది) పెట్టిన పైథాన్ స్క్రిప్టు ఆ ఫైలును ఆఫీసు డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. నాకంటే ముందు పనిచేసిన అబ్బాయి రాసిన స్క్రిప్టు అది.

జూన్ నెలాఖరు, తోతాపురి కాయ ముమ్మరంగా దిగుతోంది, గేటు బయట బండ్ల వరుస. అలాంటప్పుడు మూడు రాత్రులు కొన్ని తూకాలు డేటాబేస్‌కు ఎక్కలేదు. ఒక్కరికీ తెలియలేదు. బంగారుపాళ్యం వైపు నుంచి ఒక రైతు చీటీ పట్టుకొచ్చి "నా రెండో ట్రాక్టరు ఏదప్పా?" అంటేగానీ బయటపడలేదు.

చూస్తే, కొత్తగా వచ్చిన కాటా ఆపరేటర్ రైతు పేరు పక్కన కామా పెట్టి ఊరి పేరు కూడా కొడుతున్నాడు. అది కామాలతో విడగొట్టే ఫైలు. గడులు ఒకటి పక్కకు జరిగి, బరువు ఉండాల్సిన చోట వాహనం నంబరు వచ్చింది. దాన్ని అంకెగా మార్చబోతే వాల్యూ ఎర్రర్. దాని కింద ఆ అబ్బాయి రాసింది రెండే మాటలు: ఎక్సెప్ట్, పాస్. వచ్చిన తప్పును వచ్చినట్టే మింగేసి తర్వాతి లైనుకు పోయింది.

ఇప్పుడు ప్రతి అడుగూ రాసేలా డీబగ్ ఆన్ చేశాను. ఓనరు మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. "ప్రొడక్షన్‌లో, అంటే రోజూ అసలు పని నడిచే చోట, డీబగ్ ఎవరైనా పెడతారా, ఎర్రర్ ఒక్కటి చాలు" అంటాడు. మీరేమంటారు?

అలిపిరిమెట్లు:
ఉంచండి, తీయొద్దు. అర్ధరాత్రి జరిగిన తప్పును పొద్దున మళ్లీ రప్పించడం ఎవరి తరం? ఎర్రర్ లైను "పడిపోయాను" అని మాత్రమే చెబుతుంది, పడేముందు చేతిలో ఏ లైను ఉందో డీబగ్ చెబుతుంది.

ఇంకో మాట. పైథాన్‌లో లాగ్ లైన్లకు తీవ్రతను బట్టి అంకెలుంటాయి: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. మనం ఏమీ చెప్పకపోతే వార్నింగ్, ఆపైవి మాత్రమే కనిపిస్తాయి. ఇది తెలియక "ఇన్ఫో రాశాను కదా, రాదేం" అని నేను ఒక పూటంతా కొట్టుకున్నాను.

రాత్రిడ్యూటీ (తిరుపతి):
నేను మేనల్లుడి పక్షం. బస్టాండు దగ్గర ఒక లాడ్జి బుకింగ్ సర్వర్‌లో డీబగ్ ఆన్ చేసి మరిచిపోయాం. బ్రహ్మోత్సవాల్లో రద్దీ పెరిగింది, లాగ్ ఉబ్బింది, డిస్కు నిండింది, డేటాబేస్ రాయడం మానేసింది. గది ఇమ్మని కౌంటర్ ముందు జనం, లోపల మేము పాత లాగులు చెరుపుతూ... ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పాత లాగులను దానంతటదే తీసేసే లాగ్‌రొటేట్ పెట్టుకోవాల్సిందని ఇప్పుడు అందరూ చెబుతారు, సరే.

పేరెందుకులే:
డిస్కు గొడవ చిన్నది. ఆ డీబగ్‌లో ఏం పడుతోందో చూశారా? రైతు పేరు, ఫోను, బ్యాంకు ఖాతా? 2018 మే నెలలో ట్విట్టర్ తన 33 కోట్ల మందినీ పాస్‌వర్డ్ మార్చుకోమని అడిగింది. దొంగలు పడ్డారని కాదు. పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చే పని పూర్తి కాకముందే అది ఉన్నదున్నట్టు లోపలి లాగ్‌లో పడుతోంది. మన దగ్గరా 2023 నాటి డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని ఉంది. జ్యూస్ ఫ్యాక్టరీ దాకా ఎవరొస్తారులే అంటారా, మీ ఇష్టం.

మూడోషిఫ్టు:
అందరూ ఏం రాయాలో చెబుతున్నారు. ఎవరు చదువుతారో ఒక్కరూ అడగడం లేదు.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థ కథ చూడండి. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికే వేశారు. 2012 ఆగస్టు 1న మార్కెట్ 9.30కి తెరవకముందే వాళ్ల సిస్టమ్ ఎర్రర్ ఉందంటూ 97 మెయిళ్లు ఉద్యోగులకు పంపింది. హెచ్చరికగా పట్టించుకునే అలవాటు లేని మెయిళ్లవి, ఎవరూ కదల్లేదు. ముక్కాలు గంటలో పెట్టిన తప్పుడు ఆర్డర్లకు 46 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. ఎర్రర్ రిపోర్ట్ లేక కాదు కదా?

ఇంకోటి. క్రాన్ అసలు నడవకపోతే ఏ ఎర్రరూ రాదు, ఏ డీబగ్గూ ఉండదు. కాబట్టి బాగున్న రోజు కూడా ఒక మెసేజ్ రావాలి: ఇన్ని చీటీలు, ఇన్ని ఎక్కాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా వస్తే తప్పు, మెసేజే రాకపోతే ఇంకా పెద్ద తప్పు. ఇది మొదటి రాత్రే ఉంటే ఆ రైతు మీ దాకా రానవసరం లేదు.

అలిపిరిమెట్లు:
ఒప్పుకుంటాను, కానీ అంకెలు తేడా ఉందనే చెబుతాయి, ఎందుకో చెప్పవు. రాత్రిడ్యూటీ గారి డిస్కు భయానికి మందుంది: పైథాన్‌లో మెమరీ హ్యాండ్లర్. డీబగ్‌ను మెమరీలోనే పట్టుకుని, ఎర్రర్ వస్తేనే ఫైల్లోకి కుమ్మరిస్తుంది.

రాత్రిడ్యూటీ (తిరుపతి):
సగమే చెప్పారు. ఎర్రర్ రాకపోయినా, పెట్టిన పరిమితి నిండగానే కూడా కుమ్మరిస్తుంది. పాతవి పారేసి కొత్తవి ఉంచుకోవాలంటే దాన్ని మనమే మార్చి రాసుకోవాలి.

అలిపిరిమెట్లు:
అవును, ఇప్పుడే చూశాను. నాదే పొరపాటు.

మూడోషిఫ్టు:
క్రాన్‌లో ఎర్రర్లను లాగ్ ఫైల్లోకి మళ్లించేటప్పుడు వరుస చూసుకోండి సామీ. మామూలు అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లించాకే ఎర్రర్‌ను దానికి కలపాలి. తిరగేసి రాస్తే ఎర్రర్లు ఆ ఫైల్లోకి రావు.

కాటాచీటీ (చిత్తూరు):
చేసింది చెబుతాను. ఎక్సెప్ట్ పాస్ పీకేశాను. చెడిన లైను వేరే ఫైల్లో పడుతుంది, మిగతావి ఆగకుండా ఎక్కుతాయి. ఒక్క లైను చెడితే మొత్తం ఆపాలని మేనల్లుడు గట్టిగా అంటున్నాడు, కానీ సీజన్లో ఒక కామా కోసం నాలుగు వందల మంది లెక్క ఆపలేను. డీబగ్ సీజను అయ్యేదాకా ఉంచుతాను, ఏడు రోజులు దాటినవి పోతాయి, పేర్లూ ఖాతాలూ తీసేసి చీటీ నంబరు ఒక్కటే రాస్తున్నాను. పొద్దున ఏడింటికి రెండు అంకెలు నాకూ, ఆపరేటర్‌కూ ఫోనుకు వస్తాయి.

నిన్నటివి: 388 చీటీలు, 387 ఎక్కాయి. గుండె ఝల్లుమంది. ఆ ఒక్కటీ తీసి చూస్తే, ఖాళీ బండి బరువు గడిలో ఏమీ లేదు, రైతు పేరు దగ్గర "నేనే" అని ఉంది. కాటా ఆపరేటర్ తన బుల్లెట్ బండిని తూచుకున్నాడు.