అప్‌డేట్: నేరుగా సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచే మెషిన్ల) కోర్సులో చేరాలా అని అడిగాను కదా

డిప్లొమా అయ్యాక ఆ ప్రశ్న ఇక్కడ అడిగితే, ముందు కొలతలు, డ్రాయింగ్, మామూలు లేత్ (లోహపు రాడ్డుని తిప్పుతూ చెక్కే మెషిన్) నేర్చుకోమన్నారు. అదే చేశాను. భీమవరం దగ్గర ఒక లేత్ షెడ్డులో చేరి ఆరు నెలలైంది. రొయ్యల చెరువుల ఏరేటర్లు (నీళ్లలోకి గాలి అందించేవి), రైస్ మిల్లు షాఫ్టులే ఎక్కువగా వస్తాయి.

మొదటి నెలలో 6205 బేరింగ్‌కి (దాని లోపలి రంధ్రం 25 మి.మీ.) షాఫ్టు తీశాను. వెర్నియర్‌తో చూసి సరిగ్గా 25 మి.మీ. ఉందనుకున్నాను. బేరింగ్ వదులుగా జారిపోయింది. మేస్త్రి గారు తిట్టలేదు, వెర్నియర్ కన్నా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్ చేతికిచ్చారు. చూస్తే 24.97! కె6 ఫిట్ (బేరింగ్ జారకుండా షాఫ్టుకి ఉండాల్సిన కొలత హద్దు) కావాలంటే 25.002కి, 25.015కి మధ్య ఉండాలి. కాలేజీలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ ఫిట్‌ల టేబుల్ నాకు ఆ రోజే అర్థమైంది. షాఫ్టు మళ్లీ కొత్త రాడ్డుతో తీశాను.

స్పీడు లెక్క కూడా వచ్చింది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీలుకి కటింగ్ స్పీడు నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే, 25 మి.మీ. రాడ్డుకి సుమారు 380 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు).

ఇప్పుడు రాత్రిళ్లు ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు వింటూ, జీ71 సైకిల్ (సీఎన్‌సీ లేత్‌లో రాడ్డుని విడతలవారీగా చెక్కే కమాండ్) ప్రోగ్రాములు కాగితం మీద రాస్తున్నాను. సీఎన్‌సీ అంటే మునుపటి టెన్షన్ లేదు. వచ్చే నెలలో కోర్సులో చేరుతున్నాను. ఆ రోజు ఓపికగా చెప్పిన అన్నలందరికీ థాంక్స్.