రివ్యూ తర్వాత మళ్లీ చేసే పనికి ఎంత ఖర్చవుతోందో ఎలా లెక్కేయాలి?

ప్రశ్న:
మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో దాదాపు ప్రతి పుల్ రిక్వెస్టూ (మార్చిన కోడ్‌ని మెయిన్ కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థన) రివ్యూలో, అంటే తోటివాళ్లు చదివి కామెంట్లు పెట్టేటప్పుడు, మూడు నాలుగు సార్లు వెనక్కి వస్తోంది. కోడ్ రాయడానికి పట్టిన టైమ్ కంటే కామెంట్లు సరిచేయడానికే ఎక్కువ పడుతోందని అందరూ అంటున్నారు. మేనేజర్ గారేమో "ఈ రీవర్క్ ఖర్చెంతో తేల్చండి, రివ్యూలు తగ్గించాలో వద్దో అప్పుడు చూద్దాం" అన్నారు. రివ్యూ తగ్గిస్తే బగ్స్ పెరుగుతాయేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. దీన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పగలరా?

జవాబు:
రివ్యూలు తగ్గించే మాట ఇప్పుడే ఎత్తకండి. ఖర్చు ఎక్కడ పుడుతోందో ముందు తెలియాలి. చాలామంది కోడ్ మార్చడానికి పట్టిన టైమ్ ఒక్కటే లెక్కేస్తారు. ఉదాహరణకి, ఒక కామెంట్ వచ్చింది, రాసినవాళ్లు రెండు గంటలు కూర్చుని కోడ్ మార్చారనుకుందాం. దానికి తగ్గట్టు టెస్టులు సరిచేసి మళ్లీ నడపడానికి ఇంకో గంట. ఈలోగా మెయిన్ బ్రాంచ్ (అందరి కోడ్ కలిసే చోటు) ముందుకెళ్లిపోయింది, రీబేస్ చేసి (మన మార్పుల్ని దాని కొత్త రూపం మీద మళ్లీ పేర్చి) కాన్‌ఫ్లిక్టులు (రెండు మార్పులు ఢీకొన్న చోట్లు) తీర్చేసరికి అరగంట. రివ్యూయర్ తను ఎక్కడ ఆగారో గుర్తు తెచ్చుకుని మళ్లీ చదవడానికి 40 నిమిషాలు. రెండు గంటలనుకున్నది 4 గంటల 10 నిమిషాలయింది, అదీ ఒక్క రౌండ్‌కి, అంటే ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లడానికి. అందుకని ముందు ఒక్కో పుల్ రిక్వెస్ట్ ఎన్ని రౌండ్లు తిరిగిందో లెక్కపెట్టండి, గంటల సంగతి తర్వాత చూడొచ్చు.

ఆ తర్వాత ఏ కామెంట్ వల్ల రౌండ్ పెరిగిందో రాసుకోండి: డిజైన్ మార్చమన్నారా, రిక్వైర్‌మెంట్ తప్పుగా అర్థమైందా, నిజంగా బగ్ దొరికిందా, లేక పేర్లు, ఫార్మాటింగ్ గొడవేనా. వీటన్నిటినీ ఒకే గంపలో వేస్తే ఆ అంకెకి విలువ ఉండదు. రివ్యూలో బగ్ పట్టుకుని సరిచేసిన గంట రివ్యూ సంపాదించిపెట్టిన గంట. అదే బగ్ రిలీజయ్యాక బయటపడితే దాన్ని వెతకడం, సరిచేయడం, మళ్లీ రిలీజ్ చేయడం అన్నీ పడతాయి. ఫార్మాటింగ్ కోసం పోయిన రౌండ్ మాత్రం పూర్తిగా దండగ, ఆ పనిని ఫార్మాటర్‌కీ లింటర్‌కీ (కోడ్ రూపాన్నీ చిన్న చిన్న తప్పుల్నీ వాటంతటవే చూసుకునే టూల్స్) అప్పజెప్పేయండి.

1976లో ఐబీఎమ్‌లో మైకేల్ ఫాగన్ కోడ్ ఇన్‌స్పెక్షన్ (కోడ్‌ని టీమ్‌గా కూర్చుని తనిఖీ చేసే) పద్ధతిని వివరించినప్పుడే రీవర్క్‌ని ఒక విడి దశగా చూపించారు. తనిఖీ చేసినదాంట్లో 5 శాతం కంటే ఎక్కువ మారితే మొత్తాన్నీ మళ్లీ తనిఖీ చేయాలన్నారు. మార్పు పెద్దదైతే మళ్లీ చదివే ఖర్చు కూడా వెంటే వస్తుందన్న ఎరుక అప్పటికే ఉంది.

అడిగినవారు:
చాలా థాంక్సండి. ఈ మధ్య మెర్జ్ అయిన (మెయిన్ కోడ్‌లో కలిసిన) పుల్ రిక్వెస్టులు కొన్ని తీసి చూశాను. ఎక్కువ రౌండ్లు డిజైన్ కామెంట్ల వల్లే. అవి కూడా మొదటి రౌండ్‌లో రావట్లేదు. ముందు చిన్న చిన్న కామెంట్లు, అవన్నీ సరిచేశాక మూడో రౌండ్‌లో "ఈ లాజిక్ అసలు ఈ క్లాస్‌లో ఉండకూడదు" అంటున్నారు. దీనికేం చేయాలి?

జవాబు:
అన్నిటికంటే ఖరీదైన రీవర్క్ ఇదేనండి. సరిచేసిన చిన్న మార్పులు కూడా ఆ లాజిక్‌తో పాటే చెత్తబుట్టలోకి పోతాయి. ఇది రెండు వైపులా ఆపాలి. రివ్యూయర్ పైనుంచి కిందికి లైన్ లైన్ చదువుకుంటూ పోకుండా, మార్పులో ముఖ్యమైన ఫైల్ ముందు చూడాలి. అక్కడ డిజైన్ తేడా కనిపిస్తే మిగతాది చదవకముందే ఆ ఒక్క కామెంట్ పంపేయాలి. గూగుల్ బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాల్లో ఈ మాటే ఉంది. ఎందుకంటే, రివ్యూ కోసం ఎదురుచూస్తూ రాసినవాళ్లు ఖాళీగా ఉండరు, అదే కోడ్ మీద తర్వాతి పని మొదలుపెట్టేస్తారు. కామెంట్ ఆలస్యమైన కొద్దీ కూల్చాల్సింది పెరుగుతుంది.

రాసినవాళ్ల వైపు నుంచి, ఇంటర్‌ఫేస్‌లూ (కోడ్ భాగాలు ఒకదాన్నొకటి ఎలా పిలవాలో చెప్పేవి) ఒకట్రెండు టెస్టులూ సిద్ధం కాగానే డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ పెట్టి "ఈ దారి సరేనా?" అని అడగమనండి. సైజు కూడా చూసుకోండి. అవే మార్గదర్శకాలు 100 లైన్లు మామూలుగా సరిపోయే సైజనీ, 1000 లైన్లు సాధారణంగా మరీ ఎక్కువనీ చెబుతాయి. తప్పనిసరి కాని సూచనలకి ముందు "నిట్" అని పెట్టడం కూడా అందులోదే. దానివల్ల ఏది మార్చకపోయినా మెర్జ్ చేయొచ్చో అడగకుండానే తెలుస్తుంది.

మరొకరి జవాబు:
రెండో రౌండ్ చదివే టైమ్ తగ్గించడానికి ఒక చిట్కా. కామెంట్లు సరిచేసినప్పుడు పాత కమిట్‌లో (గిట్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో, ఒకసారి భద్రపరిచిన మార్పు) కలిపేసి ఫోర్స్ పుష్ చేయకండి, అంటే పాత చరిత్రని చెరిపి పైకి పంపకండి. ఫిక్సప్ కమిట్‌గా (పాత కమిట్‌కి సవరణ అని గుర్తుపెట్టిన కమిట్) విడిగా పెడితే రివ్యూయర్ మారింది మాత్రమే చదువుతారు. అప్రూవ్ అయ్యాక గిట్‌లోని ఆటోస్క్వాష్‌తో వాటిని పాత కమిట్‌లలో కలిపేసుకోవచ్చు. ఇప్పటికే రీబేస్ చేసేసి ఉంటే గిట్ రేంజ్-డిఫ్ వాడండి, 2018లో వచ్చిన 2.19 వెర్షన్ నుంచి ఉంది. పాత కమిట్ల వరసకీ కొత్త వరసకీ తేడా చూపిస్తుంది.

అడిగినవారు:
ఎవరి పుల్ రిక్వెస్ట్ ఎన్ని రౌండ్లు తిరిగిందో పేర్లతో సహా మేనేజర్ గారికి ఇవ్వమంటారా?

జవాబు:
పేర్లు వద్దండి, దయచేసి. పేర్లు పెట్టిన మరుక్షణం రివ్యూయర్లు మొహమాటపడి కామెంట్లు రాయడం మానేస్తారు, కష్టమైన మాడ్యూల్ తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. కారణాల వారీగా టీమ్ మొత్తానికి ఒకే పట్టిక ఇవ్వండి. రిక్వైర్‌మెంట్ అర్థం కాక పోయిన రౌండ్లు ఎక్కువగా తేలితే, అవి కోడ్ రివ్యూ ఖాతాలోవి కావని పట్టికలోనే రాయండి. ఆ పని మొదలవకముందు జరగాల్సిన మాటలు జరగలేదన్నమాట, మేనేజర్ గారు సాయం చేయగలిగింది కూడా అక్కడే.