హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా తృప్తి లేదు, మీకెలా ఉంది?

నాకు 58 ఏళ్లు. రెండు చెవులకూ పెట్టుకుని 3 వారాలైంది. మనవరాలి గుసగుసలు కూడా వినబడుతున్నాయి, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. కానీ నలుగురు కూర్చుంటే గిన్నెల చప్పుడే మోగుతుంది, మాటలు కలిసిపోతాయి. నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టుంది. తీసి సొరుగులో పడేయాలనిపిస్తోంది.

జవాబు 1: వద్దండీ. మెదడు అలవాటు పడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రోజూ పెట్టుకోవాలి. కుండ గొంతుకి చెవిలోని రబ్బరు డోమ్ (ఎయిడ్ చివరన ఉండే చిన్న టోపీ లాంటిది) చెవిని పూర్తిగా మూసేయడం కారణం కావచ్చు. రంధ్రాలున్నది సరిపోతుందేమో అడగండి.

జవాబు 2: సెట్ చేసేటప్పుడు చెవిలో సన్నటి గొట్టం పెట్టి శబ్దం కొలిచారా? నాకు అది చేశాకే మాటలు తేటపడ్డాయి.

అడిగినవారు: లేదండీ, కొలవలేదు! రేపే వెళ్లి అడుగుతాను.